పగలు ఏడవని పాప

నైటు డ్యూటీ చేసి వచ్చిన మనిషి నిద్ర చెడగొట్టడం ఆ కాలనీలో చిన్న తప్పు కాదు. కూరగాయల బండివాడు కూడా ఆ వరస ఇళ్ళ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేవాడు. ఏ తలుపు గొళ్ళానికి తువ్వాల కట్టి ఉందో చూసుకుని, ఆ ఇల్లు దాటాకే మళ్ళీ కేకేసేవాడు. తువ్వాల ఉందంటే లోపల రాత్రంతా బొగ్గుబాయిలో పనిచేసి వచ్చిన మనిషి పడుకున్నాడని అర్థం. ఆ తలుపు ముందు పిల్లలు గోలీలు ఆడరు, ఆడవాళ్ళు బట్టలు బాదరు. చుట్టాలొచ్చినా వెనక వాకిట్లోంచే వస్తారు.

2007 వానాకాలంలో జమున ఇంటి తలుపుకు వారాల తరబడి ఆ తువ్వాల కట్టే ఉంది. ఆమెకు నొప్పులొచ్చే రోజుల్లో రాత్రిళ్ళు ఇంటి పట్టున ఉండాలని భర్త కిషన్ తన నైటు వారాలను తోటి పనివాడు మొగిలికి ఇచ్చి, అతని పగటి వారాలు తాను తీసుకున్నాడు. కాన్పయింది, ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు మొగిలి వంతు నైట్లు కూడా కలిపి వరసగా చేస్తున్నాడు. పొద్దున ఎనిమిదింటికి వచ్చి నాలుగు ముద్దలు తిని పడుకుంటే సాయంత్రం నాలుగు దాకా లేవడు. కంపెనీ ఇచ్చిన క్వార్టరులో ఒక గది, ఒక వంటగది. వెనక నాలుగడుగుల వాకిలి, దాని మూలన రేకుల బాత్‌రూము. ఆ ఎనిమిది గంటలూ పసిపిల్ల గొంతు పైకి రాకూడదు.

అత్త అనసూర్య పదకొండు రోజులు ఉండి వెళ్ళింది. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి గాని, జమునకు తల్లి లేదు. అందుకని అత్తే పురుడు పోసింది. స్నానాలు చేయించింది, నడుం కట్టింది, ఎల్లిగడ్డ కారం అన్నంలో కలిపి పెట్టింది. ఊళ్ళో నాట్లు మొదలయ్యాయని, మామ సదయ్య ఆయాసంతో ఒక్కడే పొలం చూసుకోలేడని పన్నెండో నాడు బస్సెక్కింది. నాట్లు అయ్యాక వచ్చి తొట్టెల వేసి పేరు పెడతానంది. పోయేముందు కోడలికి ఒక పని నేర్పింది. మెత్తటి పాత ధోవతి చింపి, వేలెడు పేలిక చేసి, దాని కొస ముడేసి షక్కర నీళ్ళలో ముంచడం. పిల్ల నోరు తెరవగానే ఆ ముడి నోట్లో పెట్టడం.

“ముప్పై ఏండ్లు మీ మామ బాయి పని చేసిండు. పగటి పూట నా పిల్లల ఏడుపుకు ఒక్కనాడు లేవలే,” అని చెప్పింది. అందులో గొప్ప ఉంది. సదయ్య ముప్పై ఏళ్ళు ఒంటికి దెబ్బ తగలకుండా పనిచేసి, ఊపిరి చెడి దిగిపోతే ఆ కొలువు కిషన్‌కు వచ్చింది. ఆ ముప్పై ఏళ్ళలో సగం తన పేలిక కాపాడిందని అనసూర్య నమ్మకం.

పేలిక పనిచేసింది. పాప ఏడుపు మొదలుపెట్టకముందే జమున అందించేది. రెండు నిమిషాలు చప్పరించి పాప కళ్ళు మూసేది. అరగంటకు మళ్ళీ కదిలేది. మళ్ళీ పేలిక. పక్కింటి పూలమ్మ గోడ మీంచి తొంగి చూసి, ఇంత బుద్ధిమంతురాలిని ఎక్కడా చూడలేదని మెచ్చుకునేది. ఆమెకు తెలియంది ఏమిటంటే, కిషన్ డ్యూటీకి పోయిన దగ్గర్నుంచి తెల్లారేదాకా ఆ బుద్ధిమంతురాలు తల్లిని వదిలేది కాదు. రొమ్ము పట్టేది, పీకేది, వదిలేసి గుక్కపెట్టేది, మళ్ళీ పట్టేది. చన్ను కొసలు పగిలి నెత్తురు చిమ్మేవి. జమున పళ్ళ మధ్య కొంగు పెట్టుకుని తాపేది. తాగినంతసేపు తాగి, పక్కన పడుకోబెట్టగానే పిడికిళ్ళు నోట్లో కుక్కుకుంటూ లేచేది.

ఆ సంగతి చెబితే పూలమ్మ నవ్వింది. “నీ బిడ్డది కడుపు కాదే, బొగ్గు బంకరు. ఎన్ని టబ్బుల బొగ్గు పోసినా నిండది,” అంది. తర్వాత కాస్త గొంతు తగ్గించి, పాలు పడ్డట్టు లేవు, కొందరి ఒళ్ళే అంత అని ఓదార్చింది. మెంతులు నానబెట్టి తినమంది. జమున మెంతులు తింది. ఎల్లిగడ్డ తింది. ఎవరో చెబితే బొప్పాయి పచ్చికాయ కూర వండుకుంది. పాప మాత్రం రోజు రోజుకూ కోతిపిల్లలా అవుతోంది. తొడల మీద చర్మం ముడతలు పడింది.

పగలు జమున కూడా మాట్లాడేది కాదు. టీవీ పెడితే గొంతు నొక్కి బొమ్మలు మాత్రం చూసేది. గిన్నెలు నీళ్ళలో ముంచి చప్పుడు కాకుండా తోమేది. ఒకనాడు సాయంత్రం కిషన్ లేచి నీళ్ళు అడిగితే జవాబివ్వబోయి గొంతు పెగల్లేదు. పొద్దుటినుంచీ ఒక్క మాటా బయటికి రాలేదని అప్పుడు తెలిసింది.

పాప పుట్టిన పదిహేడో రోజు బుధవారం. కాలనీ డిస్పెన్సరీలో పసిపిల్లలను తూచే రోజు. పుట్టినప్పుడు రెండు కిలోల ఏడువందలు ఉన్న పాప ఆనాడు రెండున్నరకు దిగింది. సిస్టరు కార్డు మీద రాసి, కళ్ళద్దాల మీంచి చూసింది. ఇంకో వారం చూద్దామంది. అప్పటికీ పెరగకపోతే డబ్బా పాలు మొదలుపెట్టాల్సిందే, పిల్ల కడుపు ఎండబెట్టలేం కదా అంది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. జమున తలూపింది.

డబ్బా అంటే జమునకు సీసా. సీసా అంటే తమ్ముడు.

ఆమెకు పదకొండేళ్ళప్పుడు తమ్ముడు పుట్టాడు. తొమ్మిదో నాడు తల్లి పోయింది. తండ్రి పొద్దున్నే పొలానికి పోతే పిల్లవాడు జమున చేతిలో ఉండేవాడు. బర్రె పాలలో నీళ్ళు కలిపి సీసాలో పోసి తాపేది. ఆ సీసాను బూడిదతో తోమి బావినీళ్ళతో కడిగేది. రబ్బరు పీక లోపలికి వేలు పోయేది కాదు, అందుకని పైపైన కడిగేది. నాలుగో నెలలో పిల్లవాడికి విరేచనాలు పట్టుకున్నాయి. మూడు రోజుల్లో అయిపోయింది. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. వాని గీత గంతే అన్నాడు తండ్రి. ఎవరైనా అని ఉంటే బాగుండేదని జమునకు పెద్దయ్యాక అనిపించేది. ఆ సంగతి కిషన్‌కు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

డిస్పెన్సరీ వెనక వరండాలో కూర్చుని పాపకు గౌను తొడుగుతుంటే, ఆయా సారక్క చీపురు పక్కన పెట్టి వచ్చింది. యాభై దాటిన మనిషి. కాన్పుల వార్డులో ఇరవై ఏళ్ళు పనిచేసి, మోకాళ్ళు సహకరించక ఈ చిన్న డిస్పెన్సరీకి మార్పించుకుంది. ఎక్కువ మాట్లాడదు. జమున ముఖం కేసి కాదు, పాప కేసి చూసింది.

“ఏదీ, పాలియ్యి. ఎట్లిస్తవో సూస్త,” అంది.

జమున ఇచ్చింది. పాప నోరు తగలగానే ఆమె భుజాలు బిగుసుకున్నాయి. సారక్క చూసి, చేతులు కడుక్కొచ్చి, తన చిటికెన వేలు పాప నోటి మూలన పెట్టి రొమ్ము విడిపించింది. ఎదురుగా కూర్చుంది. పాప తల మీద ఉన్న జమున చేతిని తీసి వీపు మీద పెట్టింది. పాపను పక్కకు తిప్పి, పొట్ట తల్లి పొట్టకు ఆనించింది. చన్ను కొసతో పాప పై పెదవి రాసి ఆగింది. పాప సన్నగా నోరు తెరిచింది. సారక్క కదలలేదు. ఇంకోసారి రాసింది. మూడోసారి పాప ఆవులించినట్టు పెద్దగా నోరు తెరిచింది. అప్పుడు వీపు మీద చెయ్యి నెట్టి, గడ్డం ముందు తగిలేలా ఒక్కసారిగా దగ్గరికి తెచ్చింది.

“పిల్లను రొమ్ము కాడికి తేవాలె, రొమ్మును పిల్ల కాడికి కాదు. కొస ఒక్కటే పడితె నీకు నొప్పి, దానికి ఆకలి.”

నొప్పి మొదటి క్షణం పొడిచి, తర్వాత తగ్గింది. పదిహేడు రోజుల్లో నొప్పి లేకుండా పాలివ్వడం అదే మొదటిసారి. జమునకు ఏడుపొచ్చింది. సారక్క అది పట్టించుకోకుండా, పాప ఎప్పుడెప్పుడు తాగుతుందని అడిగింది. రాత్రంతా అని చెప్పింది జమున. పగటి సంగతేమిటంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

“మరి నడుమ?”

జమున పక్కనున్న బట్టల మూటను వెనక్కి జరుపుకుంది. సారక్క పాప బట్టల మూట లాగి చూసింది. అందులో తడి పేలిక దొరికింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మొగుడికి ఏ షిఫ్టని అడిగింది. నైటని చెప్పగానే, ఇక అడగాల్సింది లేనట్టు తలూపింది.

“గోదారి ఇసుకల చెలిమె తీస్తం సూడు. తోడితెనే ఊరుతది. ఎనిమిది గంటలు తోడకపోతె అది మూసుకపోతది, నీళ్ళు లేవనుకుంటం,” అంది. “నీకు పాలు లేక కాదు బిడ్డా. పగలు దాన్ని తోడనిస్తలేవు.”

అనసూర్య కూడా ఇదే పేలిక వాడిందని, ఆమె పిల్లలు బాగానే పెరిగారని జమున మెల్లగా అంది. అప్పుడు ఇంట్లో ఎందరు ఆడవాళ్ళుండేవారని అడిగింది సారక్క. జమునకు తెలుసు. అత్తకు అత్త ఉండేది, ఇద్దరు తోడికోడళ్ళు ఉండేవారు. పిల్ల ఏడిస్తే ఎవరో ఒకరు చెట్టు కిందికి ఎత్తుకుపోయేవారు, తల్లి అక్కడికే వెళ్ళి పాలిచ్చేది. తల్లి పొలంలో ఉంటే పాలున్న తోడికోడలు ఇచ్చేది. పేలిక ఆ మనిషి వచ్చేదాకానే. ఇక్కడికి పేలిక ఒక్కటే వచ్చింది, మనుషులు రాలేదు.

డబ్బా పాలు విషమేమీ కాదని, కావలసి వస్తే ఎలా కాచి తాపాలో తానే చూపిస్తానని కూడా చెప్పింది సారక్క. కాని ముందు ఈ వారం రోజులు ఏడ్చినప్పుడల్లా రొమ్ముకు పెట్టమంది. గడియారం చూడొద్దంది.

“మరి ఆయన నిద్ర?” అంది జమున.

సారక్క చీపురు తీసుకుంది. “అది నువ్వు నేను తేల్చేది కాదు. ఆయన్నే అడుగు,” అని వరండా ఊడవడం మొదలుపెట్టింది.

అడగడం తేలిక కాదు. కిషన్ చెడ్డవాడు కాదు. అతనిది టింబర్‌మన్ పని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టాలి. నిలబెట్టే ముందు ఇనుప కడ్డీతో కప్పు మీద కొట్టి వినాలి. గట్టి కప్పు ఒక రకంగా మోగుతుంది, విడిపోతున్న కప్పు డొల్లగా మోగుతుంది. పెళ్ళయిన కొత్తలో గోడ మీద, బిందె మీద వేళ్ళతో కొట్టి ఆ తేడా ఆమెకు చూపించాడు. ఆ చెవి మీదే వెనకనున్న నలుగురి ప్రాణాలు ఆధారపడతాయని అప్పుడే చెప్పాడు. నిద్ర లేని చెవికి ఆ తేడా అందదు.

అందుకని జమున అడగలేదు. పేలిక మాత్రం దూరం పెట్టి, గురువారం పొద్దున్నుంచీ పాపను తీసుకుని రేకుల బాత్‌రూములోకి మకాం మార్చింది. బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, తలుపు దగ్గరికి వేసుకుని పాలిచ్చేది. పైన రేకుల మీద వాన. వాన ఉన్నంతసేపు ఏడుపు వినపడదు, ఆగితే భయం. పాప తీపికి అలవాటు పడింది. రొమ్ము పెడితే మొహం తిప్పుకుని పేలిక కోసం నోరు వెతికేది. సారక్క చూపినట్టు వీపు పట్టుకుని, పెదవి రాసి ఆగేది జమున. ఒకసారి పట్టేది, పదిసార్లు పట్టేది కాదు. సాయంత్రానికి నడుం విరిగినట్టయింది. కిషన్ లేచి వచ్చి, స్నానాల గదిలో ఏం పనని అడిగితే బట్టలు నానబెడుతున్నానంది.

శుక్రవారం మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. పాప రొమ్ము పట్టలేదు. అప్పటిదాకా దాచి ఉంచిన గొంతంతా ఒక్కసారి తీసినట్టు ఏడ్చింది. రేకులు ఆ ఏడుపును రెట్టింపు చేశాయి. పేలిక వంటగదిలో చేతికందే దూరంలోనే ఉంది. జమున లేచింది, మళ్ళీ కూర్చుంది.

తలుపు తెరుచుకుంది. కిషన్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఏంది జమునా ఈ లొల్లి? అమ్మ ఉన్నన్ని దినాలు గిట్ల ఏడ్వలే కద.”

“ఏడ్వలే. గందుకే బక్కగయ్యింది.”

ఆమె లేచి వంటగదిలోకి పోయి పేలిక తెచ్చి అతని చేతిలో పెట్టింది. పగలంతా దీంతో నోరు మూయించిన సంగతి, పాలు తగ్గిన సంగతి, వచ్చే బుధవారం సంగతి చెప్పింది. పాప ఏడుపు మీద మాట వినపడక రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

కిషన్ పేలికను అటూ ఇటూ తిప్పాడు. “మరి నేనేం చెయ్యాలె? నిద్రమొకంతోని కప్పు కొట్టి చూస్తే గట్టిదేదో డొల్లదేదో తెల్వది. నా ఒక్కని పానం కాదు. డబ్బా పాలు తాగిన పిల్లలు బతుకుతలేరా?”

డబ్బా పాల మాటకు జమున జవాబివ్వకుండా ఉండలేకపోయింది.

“మా తమ్మునికి సీసా కడిగింది నేనే,” అంది.

కిషన్‌కు ఆమెకొక తమ్ముడుండేవాడని కూడా తెలియదు. ఏ తమ్ముడని అడగబోయి ఆమె ముఖం చూసి ఆగాడు. జమున పాప కేసి చూస్తూ, రబ్బరు పీకలోకి వేలు పోయేది కాదని మాత్రం చెప్పింది. అంతకంటే చెప్పలేదు. ఈలోగా పాప ఏడ్చి ఏడ్చి పెద్దగా నోరు తెరిచింది. మాట మధ్యలోనే ఆమె చెయ్యి పాపను దగ్గరికి నెట్టింది. పాప పట్టుకుంది. ఏడుపు ఆగిపోయింది. చూరు నీళ్ళు పడే చప్పుడు తప్ప ఏమీ లేదు.

కిషన్ బాత్‌రూము తలుపు దగ్గరికి వేశాడు. లోపలికి పోయాడు. చాప చుట్టిన చప్పుడైంది. మొగిలి పెళ్ళాం పుట్టింటికి పోయింది, మొగిలి పగటి డ్యూటీలో ఉన్నాడు, ఆ క్వార్టరు ఖాళీగా ఉందని గది లోపల్నుంచే చెప్పాడు. నైట్లు అయ్యేదాకా అక్కడే పడుకుంటానన్నాడు. కోపంగా అన్నాడో, మామూలుగా అన్నాడో అతని గొంతును బట్టి తెలియలేదు. ముందు తలుపు మెల్లగా మూసుకుంది.

ఆనాటి నుంచి అతను బాయి మీదినుంచి నేరుగా మొగిలి ఇంటికే పోయేవాడు. సాయంత్రం వచ్చి తినేవాడు, పాపను కాసేపు తొడల మీద పడుకోబెట్టుకునేవాడు, చీకటి పడ్డాక డ్యూటీకి పోయేవాడు. మాట్లాడే మాటలు మునుపటిలాగే ఉన్నాయి. తమ్ముడి గురించి మాత్రం మళ్ళీ అడగలేదు. ఎలా అడగాలో తెలియకనే అయ్యుంటుంది. అతను అడిగితే బాగుండునని ఒకరోజు, అడక్కపోవడమే మంచిదని ఇంకో రోజు జమునకు అనిపించేది.

వాడలో మాట పుట్టడానికి రెండు రోజులు పట్టలేదు. మొగుడూ పెళ్ళాలకు చెడిందా అని నలుగురు అనుకుంటున్నారని పూలమ్మ గోడ దగ్గరికి వచ్చి చెప్పింది. ఊరి నుంచి అనసూర్య కొడుక్కి ఫోన్ చేసి, ముప్పై ఏళ్ళ డ్యూటీలో తన మొగుడు పరాయి ఇంట్లో పడుకుని ఎరగడని, పిల్ల పుట్టి నెల తిరగకముందే మొగుణ్ణి ఇంట్లోంచి ఎళ్ళగొట్టిన కోడలిని ఇప్పుడే చూస్తున్నానని అందట. కిషన్ అది నవ్వుతూ చెప్పాడు. జమున నవ్వలేదు. ఇక్కడికి రమ్మని అడగాలనుకుంది, నాట్లు గుర్తొచ్చి ఊరుకుంది.

ఇల్లు ఆమెదీ పాపదీ అయింది. పాప గంటకోసారి, ఒక్కోసారి అరగంటకోసారి అడిగేది. జమున అన్నం ఎడమ చేత్తో తినడం నేర్చుకుంది. పాలిస్తూ కూర్చునే కునుకు తీసేది. పుళ్ళకు పాలే రాసుకుని ఆరబెట్టుకునేది, అది కూడా సారక్క చెప్పిందే. టీవీ గొంతు ఇప్పుడు పెంచొచ్చు, గిన్నెలు చప్పుడు చేయొచ్చు. ఆమె పెంచలేదు. గది మూల చాప లేని చోటు కేసి చూసేది. పడుకున్న మనిషైనా ఇంట్లో మనిషే. అతని గురక వింటూ వంట చేసిన రోజుల్లో తనకు భయం ఉండేది గాని, ఇంత ఖాళీ లేదు.

సోమవారం పొద్దున లేచేసరికి రవికె ముందు భాగమంతా తడిసి ఉంది. పాప ఒక వైపు తాగుతుంటే రెండో వైపు నుంచి చుక్కలు కారాయి. ఆనాడు పాప ఒకసారి తాగాక రెండు గంటలు పడుకుంది. జమున మూడుసార్లు లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

బుధవారం తూకం దగ్గర ఎనిమిదిమంది తల్లులున్నారు. ఒక్కొక్కరి వెంట అవ్వో, అక్కో ఉన్నారు. సారక్క కోసం చూసింది, ఆమె సెలవులో ఉందన్నారు. జమున వంతు వచ్చింది. పాప బట్టలు విప్పి తక్కెడలో పెట్టి చెయ్యి తీసింది. ముల్లు ఊగి ఊగి నిలిచింది. సిస్టరు వంగి చూసి, రెండు కిలోల ఆరువందల యాభై అని రాసింది.

“పెరిగింది. డబ్బా వద్దు. ఇట్లనే ఇయ్యి,” అని తర్వాతి పేరు పిలిచింది.

అంతే. నిమిషం పట్టలేదు. బయటికి వచ్చాక కార్డు మీద ఆ అంకెను మళ్ళీ మళ్ళీ చూసుకుంది. వరండాలో ఎవరో ఒకామె తన పిల్లకు టీకా ఎక్కడ వేస్తారని అడిగితే, టీకా గది చూపించి, మా పాప నూటయాభై పెరిగిందని చెప్పింది. ఆమె మంచిదని వెళ్ళిపోయింది.

ఇంటికి పోయే తోవలో కాకుండా మొగిలి క్వార్టరు వైపు నడిచింది. కార్డు చేతిలోనే ఉంది. తలుపు మూసి ఉంది, లోపల ఫ్యాను తిరిగే చప్పుడు. పదకొండు దాటింది, అతను నిద్రపోయి మూడు గంటలైనా అయి ఉండదు. ఒక్క మాట చెప్పి పోదామని చెయ్యెత్తింది. రాత్రి మళ్ళీ అతను కడ్డీ పట్టుకుని కప్పు కింద నిలబడాలి. చెయ్యి అలాగే ఉంది. పాప కదిలి, మూలిగి, గొంతు సవరించుకుంది. జమున చెయ్యి దించి, చెప్పులు చప్పుడు కాకుండా గబగబా నడిచింది. వరస చివరిదాకా వచ్చేసరికి పాప ఏడుపు అందుకుంది.

రోడ్డు పక్కన కల్వర్టు గోడ మీద కూర్చుని కొంగు కప్పుకుంది. వాన నీళ్ళలో బొగ్గు పొడి కలిసి నల్లగా పారుతోంది. పాప పెద్దగా నోరు తెరిచి పట్టుకుంది. చౌరస్తా వైపు పోయే షేర్ ఆటో ఒకటి నెమ్మదించింది. డ్రైవరు తల బయటపెట్టి, అక్కా వస్తవా, ఒక సీటుంది అన్నాడు.

“లేదన్నా, ఇంకా తాగుతంది. నువ్వు పో,” అంది జమున.

ఆటో వెళ్ళిపోయింది. ఆమె పాపను రెండో వైపుకు మార్చుకుంది.